నా రోల్ నెంబరు ఇరవై

సింధూ, చరణ్! ఈ కథ మీరు ఇంతవరకు వినలేదు. మీ చెవిన పడకుండా నేనే జాగ్రత్త పడ్డాను. నాలుగు వారాలుగా మీరు వీడియో కాల్ చెయ్యమన్నప్పుడల్లా ఒకసారి కెమెరా పాడైందన్నాను, ఒకసారి సిగ్నల్ లేదన్నాను, ఒకసారి తలకి నూనె రాసుకున్నానన్నాను. అన్నీ అబద్ధాలే. నిన్న సింధు "అమ్మా, ఇలాగైతే నీ మొహం మర్చిపోతాం" అంది. ఇక నా వల్ల కాలేదు. చెప్పేస్తున్నాను.

నా కుడి చెయ్యి విరిగింది. కంగారు పడకండి, అతుక్కుంటోంది. అతుక్కోనిది నా పరువొక్కటే.

ఇదంతా ఎడమచేతి బొటనవేలితో ఫోనులో టైపు చేస్తున్నాను. మీకు తెలుగు చదవడం రాదు కాబట్టి నాన్న చదివి వినిపిస్తారు. (ఏవండీ, మధ్యలో ఆగి నవ్వకండి. పిల్లలకి అర్థం కాదు.) మీకు తెలుగు రాదన్న ఏడుపు చివర్లో ఏడుస్తాను. ముందు ఈ ఏడుపు కానివ్వండి.

మీరు భువనేశ్వర్‌లో నాన్న దగ్గరుంటే నేనిక్కడ ఏలూరులో గది తీసుకుని కొల్లేటి లంకల్లో ఒక ఊరికి టీచరుగా వెళ్లొస్తున్నానని మీకు తెలుసు. పొద్దున్న ఆరింటికి ఫోనులో మీ యూనిఫాం, మీ టిఫిను, మీ హోంవర్కు. ఏడింటికి బస్సు. తరవాత చేపల చెరువుల గట్ల మీద ఆటో. అంతవరకూ తెలుసు. తెలియనిదేమిటంటే, బడి అయిపోయాక సాయంత్రం నాలుగింటికి అదే గదిలో పెద్దవాళ్లకి చదువు చెబుతున్నాను. అందరూ ఆడవాళ్లే. సగం మంది చెరువుల పనికి, సగం మంది రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్లొస్తారు. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా పలకలన్నీ రొయ్యల వాసనే!

వాళ్లలో వెంకాయమ్మ గారని ఒకావిడ ఉన్నారు. యాభై అయిదేళ్లు ఉంటాయి. ఇరవై ఏళ్లు రొయ్యలు ఒలిచి ఒలిచి ఆవిడ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ మిషన్ మీద బొటనవేలు పెడితే అది గుర్తుపట్టదు. మొదటి రోజు నా దగ్గరికొచ్చి అన్నారు కదా:

"టీచరమ్మా, వేలు పోయింది, అక్షరం రాలేదు. మధ్యలో నేనెవర్నండీ?"

ఆ మాటకి ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఆవిడ కోరిక పెద్దదేం కాదు. బస్సుల బోర్డులు చదవాలి. ఒకసారి ఏలూరు బస్టాండులో గణపవరం బస్సనుకుని చింతలపూడి బస్సెక్కేసి, ఎటు చూసినా చెరువన్నది లేకుండా పామాయిల్ తోటలొచ్చేసరికి "కొల్లేరు ఎండిపోయిందా నాయనా!" అని కండక్టరుని పట్టుకుని ఏడ్చారట. ఇప్పుడా రెండు బోర్డులూ గడగడా చదివేస్తారు. కానీ కూతురుండేది తాడేపల్లిగూడెంలో. అందులో ఒత్తు ఉంది. మేమింకా ఒత్తుల దాకా రాలేదు.

సరిగ్గా అప్పుడే పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. మా వయోజన విద్యా కేంద్రం నడవాలంటే కనీసం ఇరవై మంది ఉండాలట. మాకు ఇరవై మందే ఉండేవారు. ఒకావిడ, భర్తకి ఉండి అనే ఊరి దగ్గర చెరువు కాపలా పని దొరికితే, పలకతో సహా వెళ్లిపోయారు. పంతొమ్మిది. ఇరవయ్యో మనిషి దొరక్కపోతే నెలాఖరుకి మూసేస్తారు.

ఇల్లిల్లూ తిరిగాను. రానివాళ్లు రానే రారు. ఊరంతా ఒకటే సలహా:

"ఎవరో ఒకరి పేరు రాసేయండి టీచరు గారూ. మా ఆడపడుచు పేరు రాసుకోండి. ఆవిడ కైకలూరులో ఉంటది, ఆవిడకి తెలీదు కూడాను."

నేను రాస్తానా? పక్కవాడి పేపరు చూడొద్దని రోజూ ఆరింటికి చరణ్‌కి ఫోనులో చెప్పేదాన్ని, దొంగ పేరు రాస్తానా? "ఒక్క అబద్ధపు పేరు కూడా నా హాజరు పట్టీలో ఉండదు" అని గట్టిగా చెప్పేశాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. దీంతో నాకు తరవాత పని పడుతుంది.

పేరు రాయకపోతే ఏం చెయ్యాలి? కేంద్రాలు చూసే ఆఫీసరు గారిని ఊరికి పిలిచి, పంతొమ్మిది మంది చేతా ఆయన కళ్లెదుటే అర్జీ మీద సంతకాలు పెట్టించాలి. "ఒక్కరు తక్కువైనా మా కేంద్రం ఉంచండి" అని అడగాలి. దానికి ఊరంతా రావాలి. సంతకాల సభ! ఆదివారం పొద్దున్న పది గంటలకి, బడి ఆవరణలో.

అక్కడితో ఆగితే నేను మీ అమ్మనెందుకవుతాను?

సభకి ఒక ఆకర్షణ కావాలి కదా అని, ఊళ్లో ఉన్న ఇంకు ప్యాడ్లన్నీ పోగుచేశాను. పంచాయతీ ఆఫీసుది ఒకటి, చేపల సొసైటీది ఒకటి, రొయ్యల షెడ్డు మేస్త్రిది ఒకటి, మా బడిది ఒకటి. నాలుగు. "ఇక ఈ ఊళ్లో వేలిముద్ర వేసే మనిషి లేదు!" అని ప్రకటించి, వినాయకుణ్ణి నిమజ్జనం చేసినట్టు తాటిదోనెలో ఊరేగించి కొల్లేట్లో కలిపేద్దామనుకున్నాను. చెరువులవాళ్లు మీదికొచ్చారు.

"మా చేపలకి నీలం రంగు వేస్తారా అండీ? రేపు బేరగాడొచ్చి ఇదేం జాతి అంటే ఏం చెప్పాలండీ?"

నిజమే. పైగా పక్షులు కూడా ఉన్నాయి. గూడబాతులన్నీ నీలంగా మారినట్టు నాకు పీడకల కూడా వచ్చింది. సరే, నీళ్లలో వద్దు, కుండలో పెట్టి మూతికి గుడ్డ కట్టి బంతిపూల దండ వేద్దాం అన్నాను. మళ్లీ ఇంకో భయం. కుండ వొలికి ఆఫీసరు గారి తెల్ల చొక్కా మీద ఇంకు పడితే? కేంద్రం ఉంచుతారా?

అందుకని శనివారం సాయంత్రం బడి కుళాయి దగ్గర కూర్చుని నాలుగు ప్యాడ్లనీ సబ్బు పెట్టి ఉతికాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఇంకు నీళ్లు కాలవలోకి పోకూడదని బకెట్లో పట్టాను. మల్లెపువ్వుల్లా వచ్చాయి ప్యాడ్లు. వాటిని ఆరబెట్టడానికి లేచాను. సబ్బు నీళ్లమీద కాలు పెట్టాను.

అంతే! బకెట్టొక పక్కకి, నేనొక పక్కకి. కుడి చెయ్యి కింద పడింది, దాని మీద నేను పడ్డాను. మీద నీలం నీళ్లు. వెంకాయమ్మ గారు పరిగెత్తుకొచ్చి, నన్ను లేపుతూనే అన్నారు:

"నీళ్లలో కలపొద్దంటే ఊరుకున్నారు గానీ, మీరే నిమజ్జనం అయిపోయారేంటండీ!"

ఏలూరు తీసుకెళ్లారు. ఎక్స్‌రే తీశారు. మణికట్టు విరిగిందన్నారు. ఆరు వారాలు పిండికట్టు. డాక్టరు గారు నా నీలం మొహం చూసి "ఎలా పడ్డారమ్మా?" అన్నారు. "అక్షరాస్యత వల్లండి" అన్నాను.

సభ ఆపుదామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆ ఆఫీసరు గారు మళ్లీ ఎప్పుడొస్తారు? మెడలో చెయ్యి వేలాడేసుకుని ఆదివారం పొద్దున్నే బస్సెక్కేశాను.

సభ బ్రహ్మాండంగా జరిగింది. నిజం. అదే నా బాధ. అంత బాగా జరగకపోయినా ఇంత అవమానం ఉండేది కాదు. పంతొమ్మిది మందీ పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. పులిహోర కలిపారు. కుండకి బంతిపూల దండ. ఒక్కొక్కరూ వచ్చి, చేతులు చీరకి తుడుచుకుని, కలం పట్టుకుని, ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే సంతకం పెట్టారు. వెంకాయమ్మ గారికి నాలుగు నిమిషాలు పట్టింది, అదీ ఒత్తు లేకుండా 'వెంకాయమ' అని. ఆఫీసరు గారు వాచీ చూసుకోలేదు. మంచివారే.

పంతొమ్మిదో సంతకం అయ్యాక ఆయన కాగితం తన వైపు తిప్పుకుని అన్నారు:

"చాలా బాగుందండి. అడుగున కేంద్రం బాధ్యులు కూడా పెట్టాలండి. మీరు కూడా పెట్టేయండి మేడం గారూ."

ఎడం చేత్తో కలం పట్టుకున్నాను. మీకు తెలుసు కదా, నేను ఎమ్మే తెలుగు. పదిహేనేళ్లుగా నల్లబల్ల మీద ముత్యాల్లాంటి అక్షరాలు రాసినదాన్ని. కాగితం మీద పీత నడిచి వెళ్లినట్టు ఒక గీత పడింది. ఆఫీసరు గారు ఫైల్లో నా పాత సంతకం తీసి పక్కన పెట్టి చూశారు.

"ఇది మీది కాదేమో అండి."

"నాదేనండి. చెయ్యి విరిగిందండి."

"కనిపిస్తోందండి. కానీ పోలిక లేదు కదండీ. పైన ఒప్పుకోరండి." ఆయన ఫైలు మూశారు. తరవాత ఎంతో దయగా, "పర్లేదండి. సంతకం కుదరనివాళ్లు వేలిముద్ర వెయ్యొచ్చండి. రూల్లో ఉంది" అన్నారు.

నా వెనక గోడ మీద నేనే స్వయంగా రాసిన బ్యానరు: "వేలిముద్రకు సెలవు!"

"ప్యాడ్ ఉందాండీ?" అన్నారాయన.

పంతొమ్మిది మందీ కుండ వైపు చూశారు.

దండ తీశారు. గుడ్డ విప్పారు. నాలుగు ప్యాడ్లూ బయటికొచ్చాయి. మల్లెపువ్వుల్లా ఉన్నాయని చెప్పాను కదా. ఆఫీసరు గారు ఒక్కొక్కదాని మీదా తన వేలితో నొక్కి చూసుకున్నారు. వేలు శుభ్రంగా ఉంది. ఇంకా కాస్త తెల్లబడింది కూడాను.

"ఇన్ని ప్యాడ్లున్నాయి, ఒక్కదాంట్లోనూ ఇంకు లేదేంటండీ?"

మూడుసార్లు ఉతికానని చెప్పనా?

చివరికి ఒకావిడ తన మనవణ్ణి చంకనేసుకుని ముందుకొచ్చింది. వాడికి దిష్టి తగలకుండా పెట్టే కాటుక భరిణె ఆవిడ రొంటిలోనే ఉంది. నా ఎడమ బొటనవేలికి వెంకాయమ్మ గారు కాటుక రాశారు, పెళ్లికూతురికి రాసినంత శ్రద్ధగా. "కంగారు పడకండి టీచరమ్మా. మాకు అలవాటే. గట్టిగా నొక్కి, కదపకుండా తియ్యండి" అని నేర్పారు. అక్షరం నేర్పడానికొచ్చిన నాకు ఆవిడ వేలిముద్ర నేర్పారు. వేశాను. ఊరంతా చప్పట్లు కొట్టింది. అది వెక్కిరింత కాదు. వాళ్లు మంచివాళ్లు. అందుకే ఇంకా ఏడుపొచ్చింది.

అయిపోయిందనుకున్నారా? లేదు.

"వేలిముద్రకి సాక్షి సంతకం కావాలండి. చదువు వచ్చినవాళ్లు ఎవరైనా..." అన్నారు ఆఫీసరు గారు, చుట్టూ చూస్తూ.

"నేనున్నానండి" అన్నారు వెంకాయమ్మ గారు.

ఆయన ముద్ర కింద ఒక వాక్యం రాసి ఇచ్చారు. ఆవిడ పుచ్చుకుని వెంటనే సంతకం పెట్టలేదు. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టొద్దని నేనే వందసార్లు చెప్పాను కదా! వేలు పెట్టి, పైకి, గట్టిగా చదవడం మొదలెట్టారు.

"ఈ... వే... లి... ము..." అని ఆగిపోయారు. "ఆఫీసరు గారండీ, ఇక్కడ ఈ అక్షరం కింద ఏదో వేలాడుతోందండి."

"అది ఒత్తు అండి" అన్నారాయన.

"ఓహో, ఇదేనా అండీ ఒత్తంటే? ఇంకా చెప్పలేదండి మాకు. ఇవి చెప్పకుండానే మూసేస్తారంట కదండీ. మా అమ్మాయి ఊరి బస్సుకి కూడా ఇదే వేలాడుతుందంటండి. సగం ఊళ్లకే వెళ్లమంటారా అండీ నన్ను?"

నేను నాలుగు రోజులు కూర్చుని రాసుకున్న ఉపన్యాసం ఉందే, అది ఆ తరవాత చదవలేదు. అవసరం లేకపోయింది. ఆఫీసరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రూలు నా చేతిలో లేదండి. పైకి పంపుతాను" అని, పులిహోర తిని వెళ్లిపోయారు.

పది రోజులు నాకు నిద్ర లేదు. పదకొండో రోజు కాగితం వచ్చింది. "మీ కేంద్రంలో ఇరవై మంది ఉన్నందున కొనసాగించడమైనది."

ఇరవై మందా? కాగితంతో పాటు వచ్చిన జాబితా తీసి చూశాను. ఒకటి నుంచి పంతొమ్మిది దాకా మావాళ్లే. ఇరవై దగ్గర నా పేరు! పక్కన "కొత్తగా చేరినవారు. సంతకం రాదు."

ఆలోచిస్తే, పై ఆఫీసులో ఆ జాబితా రాసిన గుమాస్తా తప్పేముంది? పంతొమ్మిది సంతకాలు, అడుగున కాటుకతో ఒక వేలిముద్ర. ఆ ముద్ర టీచరమ్మదని లోకంలో ఎవరనుకుంటారు?

ఒక్క అబద్ధపు పేరు కూడా నా పట్టీలో ఉండదన్నాను కదా. ఉంది. నాదే!

చెప్పేస్తే కేంద్రం పోతుంది. చెప్పకపోతే నేను పోతాను. ఆఫీసరు గారికి ఫోను చేశాను.

"అండీ, పొరపాటు జరిగిందండి. నాకు చదువు వచ్చండి."

"అలాగాండీ? అయితే రాతపూర్వకంగా ఇచ్చి, కింద సంతకం పెట్టండి మేడం గారూ."

"చెయ్యి విరిగింది కదండీ!"

"అవును కదండీ. పోనీ వేలిముద్ర వేసి ఇచ్చేయండి."

"నాకు చదువు వచ్చని వేలిముద్ర వేసి ఇవ్వాలాండీ?"

"ఆయ్. సాక్షి సంతకం మర్చిపోకండి."

ఆయన గొంతులో నవ్వుందో లేదో నాకిప్పటికీ తెలియదు.

సాక్షి ఎవరు? ఇంకెవరు! ఆ సాయంత్రం వెంకాయమ్మ గారి ముందు కాగితం పెట్టి, నేను చెబుతుంటే రాయమన్నాను. ఆవిడ కలం మూత తియ్యలేదు.

"టీచరమ్మా, ఒక మాటడుగుతాను. మీకు ఇప్పుడు రాయడం వచ్చాండీ?"

"వచ్చండీ, చెయ్యి బాగుంటే..."

"బాగుంటే సంగతి కాదండి. బాగుంటే నాకూ వేలిముద్ర పడేది. ఇప్పుడు వచ్చా?" అని నా ముందుకి పలక తోశారు. "అమ్మ అని రాయండి చూద్దాం."

ఎడం చేత్తో రాశాను. పలక ఊరంతా తిరిగింది. పంతొమ్మిది మందీ చూసి తల పంకించారు. "అ బోర్లా పడుకుందండి" అని ఒకరు. "మ కింద ఒత్తు పక్కింటికి పోయింది" అని ఇంకొకరు, ఒత్తులు మొదలెట్టి వారమైనా కాకుండానే. వెంకాయమ్మ గారు పలక తుడిచి నాకే ఇచ్చి తీర్పు చెప్పారు:

"రాదు కదండీ. మరి కాగితంలో అబద్ధం ఏముంది? కూర్చోండి."

కూర్చున్నాను.

అప్పటినుంచి, పిల్లలూ, మీ అమ్మ రోజూ నాలుగింటికి పాఠం చెప్పి, నాలుగున్నరకి అదే చాప మీద ఆఖరి వరసలో కూర్చుని ఎడం చేత్తో అ ఆలు దిద్దుతోంది. హాజరు వెంకాయమ్మ గారు పిలుస్తారు. "ఇరవై" అనగానే "వచ్చానండి" అనాలి. ఒకరోజు మీతో ఫోనులో మాట్లాడి లేటుగా వెళితే గుమ్మంలో నిలబెట్టారు.

ఒక్కటి మాత్రం నిశ్చయించుకున్నాను. రెండు వారాల్లో కట్టు విప్పుతారు. విప్పిన రోజునే నా కుడి చేత్తో, నా సంతకంతో, జరిగింది జరిగినట్టు రాసి పంపుతాను. ఈలోగా ఒత్తులు పూర్తవుతాయి. రోజుకి రెండు చొప్పున పరిగెత్తిస్తున్నాను. అంటే నేను అబద్ధం చెప్పడం లేదు. నిజం చెప్పడానికి చెయ్యి రావడం లేదు, అంతే. ఇది తప్పో ఒప్పో రాత్రిళ్లు ఆలోచిస్తూనే ఉన్నాను. మీరు పెద్దయ్యాక చెప్పండి.

ఇక చివర్లో ఏడుస్తానన్న ఏడుపు. మొన్న వెంకాయమ్మ గారు అడిగారు, "మీ పిల్లలు మీరు రాసిన ఉత్తరాలు చదువుకుంటారాండీ?" అని. లేదండి, వాళ్లకి తెలుగు రాదు, వాళ్ల నాన్న చదువుతారు అన్నాను. ఆవిడ పలక తుడిచి పక్కన పెట్టారు. తరవాత, "అయితే వాళ్లకీ సాక్షి కావాలన్నమాట" అన్నారు. నాకు చెయ్యి విరిగినప్పుడు కూడా అంత నొప్పి పుట్టలేదు.

సెలవులకి రండి. హాజరు పట్టీలో ఇరవై ఒకటి, ఇరవై రెండు మీకోసం ఖాళీగా ఉంచారు ఆవిడ. మీరింకా వయోజనులు కారు, రూలు ఒప్పుకోదు అన్నాను. "పేరు రాయం లెండి, చాప మీద చోటే కదా" అన్నారు.

అందాకా ఈ కథ మీ నాన్నమ్మకి చెప్పండి. కింద వాటాలోవాళ్లకి చెప్పండి. మీ క్లాసులో మీ అమ్మ ఏం చదివింది అని అడిగినవాళ్లందరికీ చెప్పండి, ఏ భాషలో వస్తే ఆ భాషలో. ఒక్కచోట కూడా నన్ను మంచిదాన్ని చేసి మార్చకండి. వచ్చే ఆదివారం మా ఇరవై మందికీ పరీక్ష. అమ్మ పాసవుతుందా అని ఎవరైనా అడిగితే మాత్రం వెంకాయమ్మ గారి మాటే చెప్పండి: "మనిషి మంచిదేనండి, రోజూ వస్తది. చదువే... ఇంకో ఏడాది కూర్చోవాలి."